రెండు మోకాళ్ల చోటు

వరంగల్ కొత్తవాడలో తివాచీ మగ్గాల మధ్య పుట్టిన సరోజనకు, కెనడాలోని వాన్ అనే ఊళ్లో తివాచీల రిపేరు షాపులో పని దొరకడం వింతేమీ కాదు. గోదాముల్లో డబ్బాలు మోసి మోసి నడుం పడిపోయాక, చేతికి తెలిసిన పనే దొరికింది. యజమాని కేశవరావు మంచివాడే, కస్టమర్ మొహం చిట్లించనంత వరకు.

ఆ వారం దగ్గర్లోని కిచెనర్ ఊరి నుంచి జయదేవ్ అనే సాఫ్ట్‌వేర్ ఆయన ఒక పాత నమాజు తివాచీ పంపాడు. టర్కీలో, అనటోలియా పల్లెల్లో ఎవరో ఇంట్లో కూర్చుని నేసింది. మధ్యలో మసీదు గోడలో ఉండేలాంటి కమాను, దాని కింద వేలాడే దీపం. ఒకచోట ఆ రంగు ఉన్ని అయిపోయినట్టుంది, ఎరుపు కాస్తా ఇటుక రంగులోకి తిరిగింది. నేసినావిడ దాన్ని దాచాలని కూడా చూడలేదు. కమాను దిగువన రెండుచోట్ల ఉన్ని అరిగి పడుగు దారాలు బయటపడ్డాయి. వాటిని నింపి కొత్తదానిలా చేసిస్తే ఫ్రేము కట్టించి గోడెక్కిస్తానన్నాడు మహానుభావుడు.

సరోజన ఒకచోటు నింపేసింది. ఎంత బాగా కుదిరిందో, తనకే ముచ్చటేసింది. రెండోదాని కోసం తివాచీ మీదే మోకాళ్లూనింది. ఎడమ మోకాలు అరిగిన గుంటలో సరిగ్గా ఒదిగింది. కుడిది మెత్తటి కొత్త ఉన్ని మీద ఆగింది. అవి నమాజులో మోకాళ్లు ఆని ఆని అరిగిన చోట్లు. బాగుచేస్తున్నాననుకుంటూ, ఎవరో జన్మంతా చేసిన నమాజును చెరిపేసింది.

ఇలాంటిదే ఒకసారి చూసింది. నాయిన ఏళ్ల తరబడి కూర్చుని నేయగా గుంటపడ్డ మగ్గం పలకను, ఆయన పోయాక అన్న ఆ గుంట పోయేలా చిత్రిక పట్టించి అమ్మేశాడు.

కత్తెర తీసి, తను వేసిన ఉన్ని ముళ్లు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టింది.

కేశవరావు పరిగెత్తుకొచ్చాడు. "సరోజన గారూ, మతి గాని పోయిందా? కస్టమర్‌కి ఏం చెప్పమంటారు?"

"కొత్తది కావాల్నంటే కొత్తదే కొనుక్కొమ్మనుండ్రి సార్. దీనిమీద ఎవరో మొక్కిన్రు."

"మీరేమైనా ముస్లిమ్సా, ఇంత పట్టింపు?"

"కాదు. నేసెటోళ్ల బిడ్డను. మా నాయిన పలకకు చిత్రిక పట్టిననాడు నోరు మూసుకున్న. ఇయ్యాల మూసుకోను."

"అయితే రేపట్నుంచి రాకండి," అన్నాడు కేశవరావు, మొహం ఎర్రగా చేసుకుని.

ఆమె చివరి ముడి తెంపి, రాలిన ఉన్నిని చేత్తో ఊడ్చింది. రెండు గుంటలూ మళ్లీ పక్కపక్కన కనిపించాయి.

"రేపైతే వస్త సార్. అంచులు కుట్టుడు మిగిలింది," అంది, తల కూడా ఎత్తకుండా. "ఎల్లుండి నుంచి రాను."