పాటకో ముల్లు

మా చిన్నప్పుడు... బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి అమ్మానాన్నలతో ప్యాసింజరెక్కి నెల్లూరొచ్చి, ప్లేట్ల షాపులో అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. ప్లేట్లంటే అన్నం తినేవి కావు... గ్రామఫోన్ రికార్డులు.

అమ్మ అడిగి తీయించింది ఒక క్రైస్తవ కీర్తన. అమ్మ చెల్లెలు రూతు పిన్ని మద్రాసు వెళ్ళి, ఇంకో ముగ్గురమ్మాయిలతో కలిసి పాడిందట. వాళ్ళ పేర్లు ప్లేటు మీద వెయ్యనే లేదు. మరుసటేడే పిన్ని జ్వరంతో పోయింది... నాకప్పటికి ఊహ తెలీదు.

షాపాయన కరెంటు మిషనుకి కొత్త ముల్లు, అదే, ప్లేటు మీద ఆనే సూది, బిగించి ప్లేటు పెట్టాడు. షాపంతా గొంతులతో నిండిపోయింది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుని, "అదుగో... అదే మీ పిన్ని గొంతు. విన్నావా?" అంది.

నలుగురిలో ఏదో నాకు తెలియలేదు. అయినా తల ఊపాను.

"పాటకో ముల్లు మార్చాలమ్మా. అరిగిన ముల్లు పెడితే ప్లేటంతా గీకేస్తాది," అని షాపాయన ముళ్ళ డబ్బీ చూపించాడు.

"ఇనప ముల్లు ఒక్క పాటకే అరిగిపోతాదా? ప్లేటు కొన్నాం గదా, చాల్లే పదండి," అన్నాడు నాన్న. కొండంత ప్లేటు కొని, గోరంత ముల్లు దగ్గర కక్కుర్తి.

ఇంట్లో కీ ఇచ్చే పాత గ్రామఫోనుకి ఉన్నది ఒకే ముల్లు. మొద్దుబారినప్పుడల్లా నేనే సానరాయి మీద నూరి ఇచ్చేదాన్ని... నూరిన ముల్లు ప్లేటుని ఇంకా గీకేస్తుందని అప్పుడు తెలీదు. "నా బంగారే" అని మురిసిపోయేది అమ్మ. రోజూ సాయంత్రం పెట్టుకుని వినేది... ఆర్నెల్లు తిరిగేసరికి గరగర తప్ప ఏమీ మిగల్లేదు. కొన్నాళ్ళు చెవి ఆనించి వెతుక్కుంది. తర్వాత అదీ మానేసింది.

నన్ను ఒక్క మాట అనలేదు. నాన్నని మాత్రం నేనింకా క్షమించలేదు... నన్ను నేనూ అంతే.

ఇప్పుడు ప్లేట్లు మళ్ళీ ఫ్యాషనట. పోయిన నెల చెన్నైలో ఒక ఏసీ షాపులో అదే ప్లేటు కనబడింది. ఆరు వేలు. "ఒక్క గీత కూడా లేదండీ, సౌండు చూడండి," అన్నాడు ఓనరు. బేరమాడకుండా కొన్నాను. తన ఖరీదైన మిషను మీద పెట్టి వినిపించాడు. నాలుగు గొంతులూ విడివిడిగా... మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది.

కళ్ళు మూసుకుని మూడుసార్లు విన్నాను. అందులో మా పిన్ని ఎవరో చెప్పడానికి ఇప్పుడు అమ్మ లేదు.

మీ ఇళ్ళల్లో పాత ప్లేట్లుంటే, ఏ గొంతు ఎవరిదో పెద్దవాళ్ళని ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి... వీలైతే ఇక్కడ మాకూ చెప్పండి.

నేను అడగలేదు. తెలిసినట్టు తల ఊపాను.