కాళ్ళున్న పిట్టలు

మా ఊరి బాప్టిస్టు గుడిలో, అయ్యగారు నిలబడి వాక్యం చెప్పే చోటికి ఎడమ పక్క గోడకి ఒక ఇత్తడి పలక ఉంది. దొరల కాలం నాటిది. ఓడలో స్వదేశం పోతూ జబ్బుచేసి చనిపోయిన దొరగారి కొడుకు పేరు మీద పెట్టిందట. శవాన్ని సముద్రంలోనే వదిలేశారట. సమాధి లేదు కనుక తల్లి ఈ పలక చేయించిందని పెద్దలు చెప్పేవారు. పైన డాలు బొమ్మ, డాలు మీద మూడు పిట్టలు. అది వాళ్ళ ఇంటి గుర్తు. మనం బిందెల మీద పేరు కొట్టించుకున్నట్టే వాళ్ళు పిట్టల్ని కొట్టించుకున్నారని మా అమ్మ అనేది.

క్రిస్మస్ ముందు ఆ పలక తోమడం అమ్మ పని. ఎవరూ అప్పజెప్పలేదు, తనే పెట్టుకుంది. చింతపండు, ఉప్పు, ఇటుక పొడి, కొబ్బరి పీచు. అన్నేళ్ళ తోముడికి అక్షరాలు అరిగి పలచబడ్డాయి. పిట్టలకైతే కాళ్ళే లేవు. అవి కూడా తన ఇటుక పొడికే పోయాయని అమ్మకి లోపల బెంగ.

"ఆ తల్లి సూస్తే ఏటనుకుంటాదో" అనేది పీచు పిండుతూ.

తర్వాత మా తమ్ముడు పోయాడు. ఇక్కడి కూలితో బతకలేక ఊరి కుర్రాళ్ళతో కలిసి గుజరాత్ వెళ్ళి చేపల పడవ ఎక్కాడు. గాలివానలో పడవ తిరగబడింది. మిగతావాళ్ళు దొరికారు, వాడు దొరకలేదు. శవం లేదు కాబట్టి గొయ్యి తవ్వలేదు. గుడిలో ఒక ప్రార్థన చేసి అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం ఆ పలక కిందనే కూర్చుండిపోయింది. చాపల మీద నుంచి లేపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

ఆ ఏడాదే పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె చంకనెత్తుకుని, ఇత్తడి సామాను చేసే బుడితి ఊరికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. అక్కడ ఇత్తడి పని చేసే ముసలాయన ఆ బిందె కోసి, సాగగొట్టి పలక చేశాడు. తమ్ముడి పేరు చెక్కాక, పైన ఏం బొమ్మ వెయ్యమంటావని అడిగాడు. మా ఇంటికి గుర్తంటూ ఏముంది? అమ్మకి తెలిసింది ఆ మూడు పిట్టలే. నేల మీద వేలితో గీసి చూపించింది. కాళ్ళు కూడా గీసింది.

పలక గుడి గోడకి పెట్టడానికి సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్నారు. వాళ్ళలో ఒకాయన వరసకి అమ్మకి తమ్ముడు. ఆయనే అన్నాడు:

"అప్పా, దొరలు గుడి కట్టినారు, పలక ఎట్టుకున్నారు. నువ్వేటి కట్టినావు?"

"తోమినాను గదరా" అంది అమ్మ. ఆయన తల దించుకున్నాడు గానీ మాట మార్చలేదు. పలక పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టాం.

కొన్నాళ్ళకి ఆ దొరల దేశం నుంచి ముసలి జంట ఒకటి పాత గుళ్ళు చూడటానికి వచ్చింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకున్న మా వీధి అమ్మాయి వాళ్ళ మాటలు మాకు చెప్పింది. ఆ పిట్టలకి మొదటి నుంచీ కాళ్ళు వెయ్యరట. నేల మీద వాలని పిట్టలట అవి. ఎగురుతూనే ఉంటాయట. నీ తప్పేం లేదత్తా అని ఆ పిల్ల అమ్మ చెయ్యి పట్టుకుంది.

అమ్మ మొహం తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

"ఆళ్ళ పిట్టలు ఆళ్ళిష్టం. మా గుంటడు మాత్రం ఎక్కడో ఒక కాడ వాలాల" అంది.

అమ్మ చనిపోయేదాకా మళ్ళీ మళ్ళీ పెద్దల్ని అడిగింది. వాళ్ళు కాదంటూనే ఉన్నారు. అమ్మని మట్టి చేశాక, సమాధి మీద సిమెంటు పచ్చిగా ఉండగానే తాపీమేస్త్రి చేత తల వైపు తమ్ముడి పలక అదిమి పెట్టించాను. అమ్మ పేరు వేరే రాయించలేదు.

ఇప్పుడు క్రిస్మస్ ముందు గుడిలో పలక తోమేది నేనే. అది అయ్యాక మిగిలిన చింతపండు పట్టుకుని సమాధుల దొడ్డికి వెళతాను. ఇటుక పొడి మాత్రం అక్కడికి తీసుకెళ్ళను. పిట్టల కాళ్ళ దగ్గర పీచు కూడా పక్కన పెట్టి, ఉత్త వేలితో తుడుస్తాను.