మా బావ జేబులో పెన్ను

మొన్న పులివెందల్లో నా మర్యాద ఎట్ల మంటగలిసిందో వినండప్పా. ఇంకోరి నోట వింటే ఇంకా గలీజుగా ఉంటాది, అందుకే నేనే చెప్తాండా.

ఒకప్పుడు పొద్దుటూరులో నేను కాలితో తొక్కే లేతు మిషను మీద పెన్నులు చేస్తాంటి. మీకు తెల్సిందే. ఆ తర్వాత జమ్మలమడుగు పత్తిమిల్లులో గుమాస్తాగా చేరితి. ఎనిమిదేండ్లాయె. ఈ ఎనిమిదేండ్లు చేతికి పని లేదు గానీ నోటికి మాత్రం శానా ఉండె. ఎవురి జేబులో పెన్ను కనపడినా లాక్కుని చూసేది, మూతి తిప్పేది. "థూ! ఇదీ ఒక పెన్నేనా? చొక్కాలు ఖరాబు చేసేదానికి పెన్నెందుకు, సిరాబుడ్డి బోర్లించుకుంటే చాలదా? నేను చేస్తే ఒక్క చుక్క కారదు!"

మా బావ, అంటే నా పెండ్లాం అన్న, పులివెందల బోర్డు హైస్కూలుకు హెడ్మాస్టరైనాడు. "బావా, నీ మాటలు విని విని చెవులు పోయినాయి. సోమవారం చార్జి తీసుకుంటాండా. మొదటి సంతకం నీ పెన్నుతోనే పెడతా, చేసియ్యి చూద్దాం" అన్నాడు.

నేను ఊరుకుంటానా? "ఈ పెన్ను కుదిరిందంటే మిల్లు కొలువుకు దండం పెట్టి మళ్ళా లేతు దగ్గరే కూచుంటా" అని ఇంట్లో చెప్పేసినా. మా ఆడమనిషి "ముందు పెన్ను కానీలే" అనింది.

ఆదివారం పొద్దుటూరులో మస్తాన్ అంగడికి పోయినా. మస్తాన్ నా దగ్గరే పని నేర్చినోడు, ఇప్పుడు నా పాత లేతు వాడిదే. కూచుని తొక్కితి చూడండి! కాలు ఒక పక్క, చెయ్యి ఒక పక్క. సాయంత్రానికి పెన్నులు చేసే ఎబొనైట్ కడ్డీలు రెండు పొట్టు పొట్టు చేసినా. "ఏం కడ్డీలురా ఇవి, దరిద్రం!" అని వాన్నే తిట్టినా. వాడు మూడోది తీసిచ్చినాడు.

సోమవారం తెల్లార్తోనే మళ్ళా కూచుంటే, మూడోది కుదిరింది. మూతకూ పెన్నుకూ మరలు కోసినా, పాళీ పెట్టినా, సిరా పోసినా. ఆఖరున మూతకు గుడ్డతో మెరుగు పెట్టినా, అద్దం మాదిరి మెరిసింది. బస్సు టయిమైతాందని మూత బిగించబోతే మస్తాన్ చెయ్యి అడ్డం పెట్టినాడు.

"మామా, మూత కాలుతాండాది. చల్లారనీ. ఒక బీడీ తాగి బిగించు."

"ఆ మాట నీకు నేర్పింది ఎవుర్రా?"

"నువ్వే మామా."

"మరి నాకే చెప్తాండావా?"

బిగించినా. ఎంత సులువుగా ఎక్కిందో! జేబులో పెట్టుకుని రొమ్ము విరుచుకుని బస్సెక్కినా.

స్కూల్లో పూలమాలలు, అయ్యవార్లంతా వరసగా కుర్చీల్లో. మా బావ లేచి, "ఈ పెన్ను మా బావ సొంత చేతుల్తో చేసినాడు" అన్నాడు. చప్పట్లు. నేను మీసం దువ్వుకున్యా. బావ మూత తిప్పినాడు. రాలే. నవ్వి మళ్ళా తిప్పినాడు. రాలే. "ఇట్లియ్యండి సార్" అని డ్రిల్లయ్యవారు అందుకున్నాడు. ఆయన మెడ నరాలు లేచినాయి గానీ మూత కదల్లే. ప్యూను పండ్లతో కరిచి చూసినాడు.

అప్పుడు తట్టిందప్పా నాకు! రుద్దిన వేడికి మూత ఉబ్బి సులువుగా ఎక్కింది, చల్లారినాక కుంచించుకుని పెన్నును పట్టేసింది. పని నేర్చేటోనికి మొదటి దినం చెప్పే సంగతి అది. సిగ్గు ఇడిచి, "కొంచెం వేన్నీళ్ళు తెప్పించండి" అన్యా.

"ఏంది సార్, పెన్నుకు తలంటా?" అన్నారు ఎవురో ఎనకనుంచి. హాలంతా ఒకటే నవ్వు.

వేన్నీళ్ళు వచ్చేలోపల మా బావ స్కూలు గుమాస్తా పుల్లకలం తీసుకుని సిరాబుడ్డిలో ముంచి సంతకం పెట్టేసినాడు.

మస్తాన్‌కు చెప్తే నవ్వుతాడనుకున్యా. నవ్వలే. తన బీడీకట్ట నా ముందర పెట్టినాడు. దానికన్నా నవ్వింటేనే బాగుండు. మా ఆడమనిషి మాత్రం మరుసటి దినం పొద్దున్నే క్యారియర్ చేతికిచ్చి, "మిల్లుకు టయిమైతాంది" అనింది.

"పెన్నియ్యి బావా, మూత తీయించి తెస్తా" అని మా బావను ఎన్నిసార్లు అడిగినానో. ఇయ్యడు. "ఏ పెన్ను పెట్టుకున్నా ఎవుడో ఒకడు అడుక్కుని పోతాండె. దీని జోలికి ఎవురూ రారు" అంటాడు. దినామూ తెల్లచొక్కా జేబుకు తగిలించుకుని స్కూలుకు పోతాడంట. ఎవురన్నా చూస్తే రొమ్ము ముందుకు పెట్టి చూపిస్తాడంట: "మా బావ చేసినాడు. చూడండి, ఇంతవరకూ ఒక్క చుక్క కారలే!"