డాక్టరమ్మ ఇచ్చిన తెల్లపొడి

ఎనభైలు వచ్చిన కొత్త. మా పెద్దాడికి ఏడాదిన్నర. ఆగకుండా విరేచనాలు పట్టుకుంటే బండారులంక నుంచి రిక్షాలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మది కేరళ. ఆవిడ మాట తెలుగులో చెప్పే నర్సు ఆ రోజే సెలవు. నా ఖర్మ కాకపోతే!

ఆవిడ ఇంగ్లీషూ మలయాళమూ కలిపి గడగడా చెప్పుకుపోయింది. నేను "ఆయ్, ఆయ్" అంటూ నిలబడ్డాను. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మూగదానిలా నిలబడడం మా వైపు మర్యాద కాదు మరి. వింటున్నానండీ అని చెప్పడమే అది. నాకంతా అర్థమైపోయిందనుకుందో ఏమో, తృప్తిగా తలాడించి, తెల్లపొడి పొట్లాలు చేతిలో పెట్టి పంపేసింది.

ఇంటికొచ్చాక నా బుర్ర తిరిగింది. ఈ పొడి ఎంత వెయ్యాలి? దేంతో వెయ్యాలి? మా అత్తగారు వాసన చూసి, "చూర్ణమేలేవే. తేనెలో రంగరించి నాకించు" అన్నారు. గొంతెండిపోయి వాడు నీళ్ళచెంబు వైపు చేతులు చాస్తుంటే, "లంఖణం పరమౌషధం అని పెద్దలు ఊరికే చెప్పేరా? నీళ్ళు పోస్తే ఇంకా పోవూ?" అని చెంబు పక్కకు తీసేశారు. ఇంటెడు పిల్లల్ని పెంచిన మనిషి, కాదని ఎలా అనను? డాక్టరమ్మ తాగుతున్నట్టు చేత్తో ఏదో చూపించింది కదా అని ఓ పక్క మనసు పీకుతూనే ఉంది. అది తాగించమనా, మానిపించమనా?

మర్నాటికి వాడి కళ్ళు లోపలికి పోయాయి. ఏడిస్తే కన్నీళ్ళు లేవు. పొద్దుట్నుంచి ఉచ్చ చుక్క లేదు. మళ్ళీ పరిగెత్తాను. ఆ నర్సు ఇంకా సెలవులోనే ఉంది. ఆవిడ పొట్లం చూపించి, ఏం చేశావన్నట్టు చెయ్యి తిప్పింది. నేను వేలు నాకి చూపించాను. ఆవిడ తల పట్టుకుని ఏదో అరిచింది. తిట్టిందో, దేవుణ్ణి తలుచుకుందో తెలియదు. వీడిక దక్కడేమోనని వాణ్ణి గుండెకి హత్తుకున్నాను.

పొట్లమంతా పెద్ద సీసాడు కాచిన నీళ్ళలో కలిపి, చెంచా నా చేతికిచ్చి ఏదో అడిగింది. అలవాటుగా "ఆయ్" అన్నాను. ఈసారి ఆవిడ నమ్మలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. చెంచా ఆగితే మోచెయ్యి తట్టేది. "నీళ్ళేనండీ ఇవి! ఇంకా పోతాయేమోనండీ!" అంటే వినే నాథుడు లేడు. భయపడుతూనే పోశాను.

మధ్యాహ్నానికి నా ఒడి వెచ్చగా తడిసింది. ఉచ్చే! తడిసిన చీర ఎత్తి చూపించాను. ఆవిడ చటుక్కున లేచి, నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ఏమిటేమిటో చెప్పింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇద్దరం బావురుమన్నాం.