ఎవరు వింటారో తెలిసిన మనిషి

మా టైపింగ్ ఆఫీసు పెద్దాయన పోయారని పోయిన గురువారం పొద్దున ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని కాసేపు నడుము వాల్చినవారు మళ్ళీ లేవలేదట. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఇక ఈ ఆఫీసులో నేనే పెద్ద అనే ఆలోచన. దాని వెనకే సిగ్గు వచ్చింది. ఈ సంగతి మీ దగ్గర దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయడం నాకిష్టం లేదు. అర్జీలో జరిగింది జరిగినట్టే ఉండాలని ఆయనే అనేవారు.

సౌదీలోని అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా పేటలో మాదొక చిన్న గది, రెండు బల్లలు. అరబ్బీ రానివాళ్ళకు అర్జీలు రాసిపెట్టడం మా పని. ఆయనది రాయచోటి, నాది ప్రొద్దుటూరు. మా మధ్య ఉర్దూ కన్నా తెలుగే ఎక్కువ నడిచేది. నా బల్ల తలుపు పక్కన, ఆయనది లోపలి గోడ దగ్గర. వచ్చినవాళ్ళు నన్ను చూసి కూడా, "పెద్ద సార్ ఉన్నడా?" అని నన్నే అడిగేవారు. పదకొండేళ్ళు ఆ ప్రశ్న విన్నాను.

అరబ్బీ నేను మదర్సాలో వ్యాకరణంతో సహా చదువుకున్నాను. ఆయన ఇరవై ఏళ్ళు ఒక సౌదీ వకీలుకు కారు నడిపారు. వెనక సీట్లో వకీలు ఫోన్లో మాట్లాడుతుంటే ముందు సీట్లో కూర్చుని విన్నదే ఆయన చదువు. ఆయన అరబ్బీలో తప్పులు దొర్లేవి. అయినా జనం ఆయన దగ్గరికే పోయేవారు. ఎవరొచ్చినా కలం పక్కన పెట్టి, టీ సాసర్లో పోసుకుని, మూడు మాటలు అడిగేవారు. "ఎవరి మీద? ఏం కావాల? ఎవరు వింటారు?" మూడోది వినగానే నాకు నవ్వొచ్చేది. ఎవరో ఒకరు వింటారు కదా అనుకునేవాణ్ణి.

ఒకసారి ఆయన కంటి ఆపరేషన్‌కని వారం రోజులు రాలేదు. ఆ వారంలోనే, జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ టైల్స్ వేసే ఒకతను కర్ర పట్టుకుని వచ్చాడు. రోడ్డు పక్క మురుగు గుంతకు మూత సరిగా లేక అందులో పడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది.

"గొంతుకూసోకుంటే టైల్స్ ఎట్లేస్త సార్? కంపెనీ ఇంటికి పొమ్మంటుంది. పెద్ద సార్ ఎప్పుడొస్తడు?"

రెండు రోజుల్లో వస్తారని నాకు తెలుసు. "ఆయన ఇప్పట్లో రాడు, నేను రాస్తా" అన్నాను.

బలదియా మీద, అంటే ఇక్కడి మున్సిపాలిటీ మీద, నష్టపరిహారం అడుగుతూ నాకొచ్చిన అరబ్బీ అంతా పెట్టి రాశాను. మామూలు కోర్టులో వేశాను. నాలుగు నెలలకు వాపసు వచ్చింది. ప్రభుత్వ ఆఫీసు మీద డబ్బు అడిగే దావా వినే అధికారం తమకు లేదని రాశారు. అతని మోకాలు నిజమా అబద్ధమా అన్నంత దూరం వాళ్ళు పోనేలేదు.

రెండు రోజులు ఆ కాగితం సొరుగులో దాచాను. మూడో రోజు అతనే తన ఫోన్‌కు కోర్టు నుంచి వచ్చిన మెసేజీ పట్టుకుని నేరుగా పెద్దాయన బల్ల దగ్గరికి పోయాడు. ఆయన నా అర్జీ తెప్పించుకుని మొత్తం చదివారు. నేను తల వంచుకుని టైపు చేస్తున్నట్టు నటించాను.

"ఎంత బాగా రాసినావబ్బీ" అన్నారు. "చదువుతాంటే నాకే మోకాలు నొప్పి పుట్టింది. సర్కారు మీద దావాలు వినే కోర్టు వేరే ఉంది. దుడ్లు అడిగినా ఆడనే అడగల్ల. ఆడికి పోయినా, ఆ గుంత సర్కారుదేనని మనం చూపియ్యల్ల. ఎవరో కాంట్రాక్టరుదైతే వాళ్ళూ వాపసు పంపిస్తారు. పద, చూసొద్దాం."

మధ్యాహ్నపు ఎండలో ముగ్గురం పోయాం. ఆయన రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకు జరిగి ఉన్న ఇనుప మూత మీది దుమ్మును భుజం మీది రుమాలుతో తుడిచారు. బలదియా పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో కనిపించింది. "ఫోటో తియ్యి" అన్నారు నాతో. అక్కడికి వచ్చి చూడాలని నాకెందుకు తట్టలేదా అని, ఆ వంగిన వీపును చూసి కూడా కుళ్ళుకున్నాను.

కొత్త అర్జీలో నా వాక్యాలు ఒక్కటీ మార్చలేదు. కోర్టు పేరు మార్చి, ఫోటో, ఆసుపత్రి కాగితాలు జతచేశారు. "రాసింది ఈయన. నేను పైన కోర్టు పేరు మార్చినాను, అంతే" అని అతనితో చెప్పారు. అతను నాకు దండం పెట్టాడు. నేను ప్రింటర్‌లో కాగితాలు సర్దాను.

ఏడాది తర్వాత ఆ కోర్టు పరిహారం ఇచ్చింది. అడిగినంత కాదు. కానీ ఆపరేషన్ జరిగింది, అతనికి ఇక్కడే ఒక టైల్స్ గోదాములో నిలబడి చేసే పని దొరికింది.

"తప్పు నాదని అతనికి ఎందుకు చెప్పలేదు చాచా?" అని ఒకరోజు అడిగేశాను.

సాసర్లో టీ ఊదుకుంటూ అన్నారు. "నన్ను చూసి నువ్వు కుళ్ళుకుంటావని నాకు తెలీదా అబ్బీ? నీ అరబ్బీ చూసి నేను కుళ్ళుకోలేదనుకున్యావా? నువ్వు రాసింది ఇంటికి తీస్కపోయి చదువుకుంటాంటి."

వారం రోజులు నేను పిచ్చివాడిలా సంతోషంగా తిరిగాను. మూడోవాడెవరో మళ్ళీ "పెద్ద సార్ ఉన్నడా?" అనేదాకా.

ఖననానికి నేను ఊహించనంత మంది వచ్చారు. నా చావుకు ఇందులో సగం మందైనా వస్తారా అని లైనులో నిలబడి లెక్క వేసుకున్నాను. అప్పటికీ నా బుద్ధి అదే. నా వంతు రాగానే మూడు దోసిళ్ళ మట్టి వేశాను. అప్పుడు మాత్రం ఏమీ లెక్క వేయలేదు.

ఖబరస్తాన్ బయటికి వస్తే గోడ వెంబడి మన తెలంగాణ వాళ్ళు పనిబట్టల్లో ఎండకు నిలబడి ఉన్నారు. హిందువులు లోపలికి రావచ్చో లేదో తెలియక ఆగిపోయినవాళ్ళు. జగిత్యాల అతను కుంటుకుంటూ ముందుకు వచ్చాడు. నా ముఖం చూడలేదు. మట్టి అంటిన నా చేతులనే చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, పెద్దాయనను నేను చూసిన చూపే.

"మీరన్నా మట్టి ఏసిన్రు సార్" అన్నాడు, అరచేయి చాపి.

నా రెండు చేతులూ అతని అరచేతి మీద దులిపాను. రాలింది కొంచెమే. అతను గుప్పిట మూసి అలాగే నిలబడ్డాడు.