గంగమణి కత్తెర

ఎల్లారెడ్డి ఊరి చర్చిలో క్రిస్మస్ చెట్టు అలంకరణ అంటే గంగమణిదే. పదకొండేళ్లుగా అంతే. బతుకుతెరువు బీడీలు చుట్టడం. డిసెంబరు వచ్చిందంటే మాత్రం ఆమెను పట్టలేం. సరుగుడు కొమ్మ తెప్పించి తొట్టిలో నిలబెట్టేది, రంగు కాగితాల గొలుసులు వేసేది, మంచు పడ్డట్టు దూది అంటించేది. మంచును ఆమె గానీ, చూసేవాళ్లు గానీ ఏనాడూ చూసింది లేదు. దీపాలు మాత్రం పెట్టకూడదు. ఒక ఏడు కొవ్వొత్తి నుంచి దూదికి నిప్పంటుకుని కొమ్మ సగం కాలాక, చెట్టు మీద దీపమన్న మాటే ఎత్తొద్దని పాస్టరు అబ్రాహాము అయ్యగారు తేల్చి చెప్పారు.

1985లో అయ్యగారింటికి కామారెడ్డి నుంచి కొత్త కోడలు వచ్చింది. పేరు తార. చదువుకున్న పిల్ల, ఈసారి చెట్టు ఆమెను చెయ్యనిద్దామని అయ్యగారు మెల్లగా కదిపారు. గంగమణి తలూపింది. ఇంటికెళ్లి ఆ పూట అన్నం ముట్టలేదు.

తార దూది జోలికే పోలేదు. గాజులమ్మే చాంద్ బీ దగ్గర పగిలిన గాజు ముక్కలు గంపెడు అడిగి తెచ్చి, ఒక్కోదానికి దారం కట్టి కొమ్మలకు వేలాడదీసింది. చెట్టును తూర్పు కిటికీ ముందుకు జరిపింది. పండగ ముందురోజు పొద్దున ఎండ పడగానే దీపం లేకుండానే చెట్టంతా వెలిగింది, సున్నపు గోడ మీద రంగులు ఆడాయి. చూసినవాళ్లు నోళ్లు తెరిచారు. గంగమణికి కడుపు మండిపోయింది. అసూయే, దానికి ఇంకో పేరెందుకు? తన చెట్టును పదకొండేళ్లలో ఒక్కరైనా ఇలా చూశారా? పైగా చాంద్ బీ ఉండేది తన ఇంటికి మూడిళ్ల అవతలే. ఆ ఆలోచన తనకు రాకపోవడమే ఎక్కువ మండించింది.

సాయంత్రం అందరూ పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరగడానికి పోయారు. ఊడ్చే పని గంగమణిదే కనుక తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. బీడీ ఆకు కోసే కత్తెర కొంగులో దాచుకుని లోపలికి వెళ్లింది. పది దారాలు తెంపితే చాలు, రేపు అందరి ముందూ తార తల దించుకుంటుంది.

ఒక కొమ్మ పట్టుకుందో లేదో, గాజు ముక్క ఒకటి దానంతటదే జారిపడింది. ముడి చూసింది. అదీ ఒక ముడేనా? కత్తెరతో పనే లేదు, తెల్లారేసరికి సగం అవే రాలతాయి. హాయిగా ఇంటికి పోవచ్చు. కానీ ఇరవై ఏళ్లు బీడీలకు దారం బిగించిన వేళ్లు వదులు ముడిని చూసి ఊరుకోవు. కత్తెర తొట్టి పక్కన పెట్టి ఆ ముక్కను గట్టిగా కట్టింది. పక్కదీ కట్టింది. తారను తిట్టుకుంటూనే, చీకటి పడేలోగా చెట్టంతా కట్టేసింది.

పండగనాడు కిటికీలోంచి గాలి విసిరింది. ముక్కలు గలగలలాడాయి గానీ ఒక్కటీ రాలలేదు. అందరూ తారనే పొగిడారు. అయ్యగారు ప్రసంగంలో కూడా పొగిడారు. గంగమణి మాత్రం ఎంతసేపని ఓర్చుకుంటుంది? ఆరాధన కాగానే చెట్టు దగ్గర మూగినవాళ్ల మధ్యకు దూరింది.

"ఒక్క ముక్కన్న రాలిందా? నిన్న మాపటికి వచ్చి ముడులన్ని మళ్ల నేనే కట్టిన."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఎందుకు వచ్చావని ఎవరో అడిగారు. ఈలోగా తార వంగి, తొట్టి పక్కనున్న కత్తెర తీసింది. ఒక్క క్షణం దాన్నీ, గంగమణి ముఖాన్నీ చూసింది.

"దారం కోసెతందుకు తెచ్చినవా అక్కా?"

అవునంటే అయిపోయేది. కానీ చెట్టు పోయి, పేరు పోయి, ఆఖరికి సాకు కూడా తార చేతి నుంచే తీసుకోవాలా?

"కాదు," అంది గంగమణి. "తెంపుదామని తెచ్చిన."

తార ఆ రోజు కత్తెర తిరిగి ఇవ్వలేదు.

మరుసటేడు గాజు ముక్కలు తార తెచ్చింది, ముడులు గంగమణి వేసింది. ఆమె వేళ్లు ఆడినన్నాళ్లూ అలాగే సాగింది. కత్తెర మాత్రం ప్రతి ఏడూ, పండగ అయ్యేదాకా, తార తన దగ్గరే పెట్టుకునేది.