మొదట చచ్చిపోయే మేజరు

ఆ కంపెనీలో ఏ యుద్ధాభ్యాసం జరిగినా మొదట చచ్చిపోయేది మేజరే. పథకం తనే వేస్తాడు. ఏ జట్టు ఎటు వెళ్ళాలో నేల మీద ఇసుక పోసి పుల్లతో గీసి చూపిస్తాడు. తీరా పని మొదలయ్యాక హెల్మెట్ తీసి పక్కన పెట్టి వెల్లకిలా పడుకుంటాడు. పోయినట్టు లెక్క. ఇక ఉలుకూ పలుకూ ఉండదు. తను లేకపోయినా పని ఆగకూడదన్నది ఆయన నేర్పే పాఠం.

ఇంట్లోనూ అంతేనని భార్య పక్కింటావిడతో నవ్వుతూనే అనేది. కిందటిసారి సరిహద్దు నుంచి వచ్చాక మనిషి అలా అయిపోయాడు. కూతురు మెడకు చుట్టుకుంటే, వీపు మీద చెయ్యి వేయాలని గుర్తు తెచ్చుకుని వేసేవాడు.

వచ్చే నెల మళ్ళీ సరిహద్దుకే. ఆయనకేమైనా అయితే పగ్గాలు అందుకోవలసింది లెఫ్టినెంటు. ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపిస్తే తప్ప అడుగు వేయడని అతనికి జవాన్లు పెట్టిన పేరు పెళ్ళికొడుకు. మేజరు చచ్చినప్పుడల్లా అతను నీళ్ళు నమిలాడు. ఈసారీ అంతే అయితే అతణ్ణి వదిలేసి వెళ్ళాలని మేజరు నిర్ణయించుకున్నాడు.

ఆ ఉదయం ఎండిన వాగు అవతల ఉన్న పాడుబడ్డ గోదాము పట్టుకోవాలి. మేజరు గులకరాళ్ళ మీద పడుకున్నాడు. ఉత్తుత్తి తూటాలు పేలుతున్నాయి. లెఫ్టినెంటు పాక్కుంటూ వచ్చి చెవి దగ్గర గొణిగాడు.

"ఎడమ గట్టా, కుడి గట్టా సార్? మాట్లాడొద్దు. ఒక్కసారి కన్నార్పండి, చాలు."

ఎడమ గట్టున శత్రుజట్టును దాచింది మేజరే. మెడ మీద చీమ పాకుతోంది. ఆయన కదల్లేదు.

"పోయినాయన్ని బతిమాలతారేంటి సార్, మీరు చెప్పండి," అన్నాడు వెనక నుంచి ముసలి హవల్దారు.

కాసేపటికి, "కుడి," అన్న మాట వినిపించింది. బూట్లు దూరమయ్యాయి. తర్వాత అవతల ఈలలు, కేరింతలు. గోదాము చిక్కింది.

పడిపోయినవాళ్ళను మోసుకెళ్ళడం కూడా పథకంలో ఉంది. ఆ సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు. ఎండ మొహం మీదికొచ్చింది. లేచి వెళ్ళొచ్చు. లేవాలనిపించలేదు, కోపమూ రాలేదు.

చివరికి లెఫ్టినెంటూ మరో ముగ్గురు జవాన్లూ స్ట్రెచర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మేజరు మోచేతి మీద లేవబోయాడు.

"నేను నడుస్తాలే."

"పడుకోండి సార్," అన్నాడు లెఫ్టినెంటు రొప్పుతూ. "మీరు పోయారు. పోయినవాళ్ళు నడవరు."

మేజరు పడుకున్నాడు. కుర్రాడు పనికొస్తాడు. అంటే వెంట తీసుకెళ్ళక తప్పదు. సంతోషమో బాధో, ఏదో ఒకటి కలగాలి కదా అని ఎదురు చూశాడు. నలుగురూ అడుగులు కలుపుతూ ఆయన్ను వాగు దాటించారు.